పల్లంరాజు బాబాయ్ గారి బెయిలు

మా పల్లంరాజు బాబాయ్ గారిని గంజాయి కేసులో అరెస్టు చేశామని రాజమండ్రి నుంచి ఫోను వస్తే, మా నీలవేణి పిన్ని అడిగిన మొదటి మాట "భోంచేశారాండి?" అని. అవతల ఉన్నది కానిస్టేబులు. ఆయన ఒక్క క్షణం తడబడి, "ఆయ్, ఇడ్లీ తిన్నారండి" అన్నాడు. ఇడ్లీ భోజనం ఎలా అవుతుందని పిన్ని ఇంకో ప్రశ్న మొదలుపెట్టబోతుంటే నేను రిసీవరు లాక్కున్నాను.

అది 2002 వేసవి. విశాఖపట్నంలో డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసేసి, భీమవరం దగ్గర మా ఊరికి సెలవులకి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో మా ఇంట్లో రొయ్యల గురించి తప్ప ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ ఏడు చుట్టుపక్కల చెరువులకి తెల్లమచ్చ తెగులు పట్టింది. రొయ్య పెంకు మీద తెల్ల మచ్చ కనబడిందా, వారం తిరక్కుండా చెరువు ఖాళీ. ఆ భయంతో మా వైపు రైతులు చెయ్యని వైద్యం లేదు. వెల్లుల్లి రసం పోశారు, పసుపు కలిపారు, వేపాకు నూరారు. ఒకాయనైతే గట్టు మీద మైకు పెట్టించి రొయ్యలకి పొద్దుటే భక్తిగీతాలు వినిపించాడు.

మా బాబాయ్ గారు వీళ్ళందరికంటే ఓ అడుగు ముందుకేశారు. మన్యంలో ఎక్కడో ఓ ఆకు ఉందట, అది నానబెట్టి ఆ నీళ్ళు మేతలో కలిపితే తెల్లమచ్చ దగ్గరికి రాదట అని మేతల కొట్లో ఎవరో చెప్పారు. చెప్పడమే ఆలస్యం, బస్సెక్కి గోకవరం దాటి వెళ్ళి, ఎవరి దగ్గరో ఓ గోనెసంచి నిండా ఎండుటాకు కొనుక్కుని, సంచిని ఒళ్ళో చంటిపిల్లని పెట్టుకున్నట్టు పెట్టుకుని వస్తున్నారు. దార్లో పోలీసులు బస్సు ఆపారు.

"సంచిలో ఏంటండి?" అని ఎస్సై గారు అడిగారు.

ఇంకొకరైతే నీళ్ళు నమిలేవారు. మా బాబాయ్ గారు సంతోషంగా సంచి మూతి విప్పి, "రొయ్యల మందండి! అద్భుతంగా పనిచేస్తుందంటండి. తమరికేమైనా చెరువుందాండి? లేకపోయినా పర్లేదు, చుట్టాలకెవరికైనా ఇవ్వండి" అంటూ ఎస్సై గారి చేతుల్లో దోసెడు పోసేశారు. మా వైపు అంతే మరి. చేతిలో ఏమున్నా ఎదుటి మనిషికి పెట్టకుండా ఉండలేరు. ఎస్సై గారు వాసన చూశారు. బాబాయ్ గారి మొహం చూశారు. మళ్ళీ వాసన చూశారు. సంచి కాటా మీద పెడితే ఇరవై నాలుగు కిలోలు తూగింది.

మర్నాడు కోర్టు రిమాండుకి పంపింది, బాబాయ్ గారు రాజమండ్రి సెంట్రల్ జైల్లో పడ్డారు.

మా ఇంటి పెద్ద, సుబ్బరామరాజు పెదనాన్న గారు మాత్రం ఇసుమంతైనా చలించలేదు. "కంగారెందుకండి? మన అప్పాజీ గారున్నారు కదా!" అన్నారు.

అప్పాజీ గారు మా ఇంటి లాయరు. పక్కవాళ్ళతో మాకు మూడెకరాల తగాదా ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ కేసు నడిపిస్తున్నది ఆయనే. భూమి మా చేతిలోనే ఉంది, పంట మేమే తింటున్నాం, కాబట్టి కేసు తేలకపోవడమే మాకు గెలుపు. అప్పాజీ గారు వాయిదా తీసుకోవడంలో దిట్ట. కడుపు నొప్పి అని, కాగితాలు అందలేదని, సాక్షి అత్తారింటికి వెళ్ళాడని ఆయన అడగడం, జడ్జి గారు ఇవ్వడం. వాయిదా పడ్డ రోజున మా ఇంట్లో బూరెలు వండుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కోర్టంటే బూరెలే గుర్తొస్తాయి.

అందుకే బెయిలు పిటిషను వేసిన రోజు సాయంత్రం, పెదనాన్న గారు వెలిగిపోతున్న మొహంతో కారు దిగి, "వాయిదా పడిందమ్మా!" అనగానే ఇల్లంతా గోలగోలగా సంబరపడింది. "అడగ్గానే ఇచ్చేశారంటండి, వారం రోజులు!" అని ఆయన చెప్తుంటే మా అమ్మ అప్పటికే పప్పు రుబ్బేసింది. వేడి వేడి బూరె నెయ్యి వేసుకుని నోట్లో పెట్టుకోబోతూ, నాకు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పెదనాన్నగారూ," అన్నాను, "బాబాయ్ గారు లోపలున్నారు కదండీ."

"ఉన్నాడమ్మా. అయితే?"

"వాయిదా పడితే ఇంకో వారం లోపలే ఉంటారు కదండీ."

నలుగురి చేతుల్లో నాలుగు బూరెలు. పిన్ని తన బూరెని తిరిగి పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

పెదనాన్న గారు మాత్రం తేరుకుని, "అప్పాజీ గారికి తెలీకుండా చేస్తారా ఏంటమ్మా? ఏదో ఎత్తు ఉండుంటుంది" అన్నారు.

మర్నాడు పొద్దుటే నేను భీమవరం వెళ్ళి ఇంటర్నెట్టు సెంటర్లో కూర్చున్నాను. గంజాయి చట్టం ఉన్న పేజీ తెరుచుకునే లోపల పక్క కొట్లో రెండు టీలు తాగొచ్చాను. తెరుచుకున్నాక మాత్రం టీ తాగినంత సులువుగా లేదు. గంజాయి కిలో లోపైతే చిన్న నేరం, ఆర్నెల్లు. కిలో దాటితే పెద్దది. ఇరవై కిలోలు దాటిందా, వ్యాపారం కిందే లెక్క, తక్కువలో తక్కువ పదేళ్ళు. పైగా బెయిలు ఇవ్వాలంటే, ఈ మనిషి ఈ నేరం చేసి ఉండడని జడ్జి గారికి ముందే నమ్మకం కలగాలి. బాబాయ్ గారి సంచి ఇరవై నాలుగు! నాకు సైకిలు నేర్పిన మనిషి, ఇంతవరకూ సిగరెట్టు కూడా ముట్టని మనిషి, పదేళ్ళు!

అక్కణ్ణుంచి సరాసరి అప్పాజీ గారి గుమాస్తా దగ్గరికెళ్ళి పిటిషను కాపీ, పోలీసు కాయితాల కాపీలు అడిగి తెచ్చుకున్నాను. పిటిషను ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: "సదరు గోనెసంచి కొన్న నాటి నుండియు నా పార్టీ స్వాధీనములోనే, బహిరంగముగా, ఎవరి ఆటంకమును లేకుండా ఉన్నది." పొలం కేసులో ఇరవై రెండేళ్ళు రాసిన వాక్యం పాపం ఆయన చేతికి అలవాటైపోయింది. పోలీసులు రుజువు చెయ్యాల్సిందంతా మా లాయరు గారే రాసిచ్చేశారు.

వారం తర్వాత మళ్ళీ వాయిదా. ఈసారి బూరెలు వండలేదు.

ఆ గురువారం పిన్నీ నేనూ బాబాయ్ గార్ని చూడ్డానికి రాజమండ్రి వెళ్ళాం. జైలు గేటు బయట ములాఖత్ లైను, ఎండలో, అందరూ ఆడవాళ్ళే. మా ముందు నిలబడ్డావిడ పేరు తలుపులమ్మ. భర్త కోసం మూడు నెలలుగా వస్తోందట. పిన్ని వాలకం చూసి తన గొడుగులోకి లాక్కుంది.

"కొత్తాండి?" అంది.

"ఆయ్," అంది పిన్ని సిగ్గుపడుతూ, పెళ్ళివారింట్లో పలకరించినట్టు.

"మీ లాయరెవరండి?"

"భీమవరం అప్పాజీ గారండి. చాలా పెద్దాయన."

తలుపులమ్మ వెనక్కి తిరిగి లైనంతటికీ వినబడేలా, "ఏమ్మా, భీమవరం అప్పాజీ గారంట, ఎవరికైనా తెలుసా?" అని అరిచింది. ముప్పై తలలు అడ్డంగా ఊగాయి. "తెలీదంటండి," అంది మా వైపు తిరిగి జాలిగా. "ఎన్ని వాయిదాలైంది?"

"రెండండి."

"మీ ఆయన మీద ఆయనకేమైనా కోపముందాండి?"

లైనులో కిసుక్కుమని నవ్వులు. పిన్నికి కూడా నవ్వొచ్చింది, పదిహేను రోజుల్లో మొదటిసారి. అప్పుడు నాకు బుర్ర వెలిగింది. ఏ లాయరు ఎవర్ని ఎన్ని రోజుల్లో బయటికి తెచ్చారో ఈ లైనుకి తెలిసినంత లోకంలో ఎవరికీ తెలీదు! "అక్కా, గంజాయి కేసుకి ఎవరు మంచి లాయరు?" అనడిగాను. ఇక చూడాలి. ఫలానా ఆయన మాట తియ్యన, పని సున్నా అని ఒకరు. ఫలానా ఆయన బాగానే వాదిస్తాడు, మధ్యాహ్నం తర్వాత మాత్రం కనబడడు అని ఒకరు. చివరికి అందరూ ఒక్క పేరు దగ్గర ఆగారు. దానవాయిపేట శ్యామలాంబ గారు.

"లాయరు మీ దగ్గర ఏం అడుగుతారో చూడమ్మా," అని తలుపులమ్మ నాకు పాఠం చెప్పింది. "మీరెవరు, మీ నాన్నగారెవరు, ఎన్నెకరాలు అని అడిగితే దణ్ణం పెట్టి వచ్చెయ్. కాయితాలేవీ అని అడిగితే కూర్చో."

లోపల బాబాయ్ గారు జాలీకి అవతల నవ్వుతూ నిలబడ్డారు. గడ్డం పెరిగింది. "ఇక్కడందరూ మర్యాదస్తులేనమ్మా," అన్నారు. "మా గదిలో నలుగురికి చెరువు ఎలా తవ్వాలో చెప్పేశా. ఒకాయన బయటికెళ్ళాక లీజుకి తీసుకుంటానన్నారు." పిన్ని ఆయన గడ్డం వైపే చూస్తోంది. ఆ చూపు చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. "కీర్తీ," అన్నారు గొంతు తగ్గించి, "అదేం ఆకో నాకు నిజంగా తెలీదమ్మా. పదేళ్ళంటున్నారు ఇక్కడ. పదేళ్ళంటే నాకు యాభై ఆరొస్తాయి." టైమైపోయిందని గంట కొట్టారు.

నేను బస్సు కోసం కూడా ఆగలేదు. పిన్ని చెయ్యి పట్టుకుని ఆటోలో దానవాయిపేట.

టైలరు కొట్టు పైన చిన్న మేడ. శ్యామలాంబ గారు జంతికలు నములుతూ ఏవో కాగితాలు చదువుతున్నారు. కళ్ళజోడు పైనుంచి మా ఇద్దర్నీ చూసి, "రిమాండు కాయితాలు తెచ్చారా?" అన్నారు. పిన్ని నన్ను గిల్లింది. నేను సంచిలోంచి కాయితాలు తీసిచ్చాను. మేం కూర్చున్నాం.

సంచి పట్టుకున్న చోట సాక్షుల ముందు పోలీసులు రాసిన కాగితాన్ని, అంటే పంచనామాని, ఆవిడ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివారు. ఒకచోట వేలు ఆగింది. జంతిక నమలడం కూడా ఆగింది.

"ఇది పైకి చదువు."

"ఎండుటాకులు, ఇరవై నాలుగు కేజీలు," అని చదివాను.

"పూత అని ఉందా?"

"లేదండి."

"కొసలు? మొగ్గలు? గింజ కట్టిన కంకులు?"

"లేవండి. ఆకులు, ఆకులు, ఆకులు. మూడు చోట్లా ఆకులేనండి."

ఆవిడ వెనక్కి వాలి నవ్వారు. "చట్టంలో గంజాయంటే ఏంటో ఎవరూ చదవరమ్మా. మొక్కకి పైన పూసే పూత, కాసే కొసలు, అదీ గంజాయి. అవి లేకుండా ఒట్టి ఆకు ఉంటే ఆ చట్టం కింద గంజాయి కాదు. మీ బాబాయ్‌కి అమ్మినవాడు ఖరీదైన కొసలన్నీ తుంచి దాచుకుని, పారెయ్యాల్సిన ఆకంతా ఈయనకి అంటగట్టాడు. నిలువునా మోసం చేశాడు."

"అయ్యో," అంది పిన్ని అలవాటుగా.

"అయ్యో ఏంటండి! వాడు నిజాయితీపరుడైతే మీ ఆయన పదేళ్ళు లోపలుండేవారు. వాడి ఫొటో దొరికితే ఇంట్లో కట్టించుకోండి."

మేం ముగ్గురం ఎంత నవ్వామంటే కింద టైలరు మిషను ఆపేశాడు. తర్వాత ఆవిడే సర్దుకుని, "ఎగిరి గంతులెయ్యకండి. ల్యాబు రిపోర్టు రావాలి. ఆకు మీద ఎక్సైజు వాళ్ళు వేరే కేసు పెట్టినా పెట్టొచ్చు, అది చిన్నది, అప్పుడు చూసుకుందాం. ముందు బెయిలు. కానీ మీ పాత లాయరు గారు అభ్యంతరం లేదని వకాలతు మీద సంతకం పెట్టాలి. అది లేకుండా నేను ముట్టుకోను" అన్నారు.

సంతకం! ఇల్లు చేరి ఆ మాట చెప్పేసరికి పెదనాన్న గారు పడకకుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అప్పాజీ గార్ని మార్చడమా! ఇరవై రెండేళ్ళ అనుబంధం! ఆయన మనసెంత కష్టపెట్టుకుంటారు! రేపు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహం ఎలా చూపించనమ్మా?"

"బావగారండి." తలుపు వెనక నుంచి పిన్ని గొంతు.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో పిన్ని పెదనాన్న గారితో నేరుగా మాట్లాడింది లేదు. ఏం కావాలన్నా మా అమ్మ చేత చెప్పించేది. ఇప్పుడు తలుపు దాటి ముందుకొచ్చి నిలబడింది.

"మీ మొహమాటానికి మా ఆయన పదేళ్ళు జైల్లో ఉండాలాండి?"

పెదనాన్న గారు ఆమె వైపు చూశారు. నా వైపు చూశారు. కండువా తీసి భుజాన వేసుకున్నారు. "పదండి," అన్నారు.

అప్పాజీ గారింట్లో ఏం జరిగిందో చెప్తే నమ్మరు. అరగంట సేపు ఏమీ జరగలేదు! ఉప్మా వచ్చింది. కాఫీ వచ్చింది. ఎండలెక్కువగా ఉన్నాయన్నారు ఆయన. అవునండి, ఎక్కువగానే ఉన్నాయన్నారు పెదనాన్న గారు. కాలవకి నీళ్ళు ఎప్పుడొదుల్తారో అన్నారు ఆయన. వదలాలి కదండి మరి అన్నారు ఈయన. మళ్ళీ ఎండల దగ్గరికొచ్చారు. రెండో విడత కాఫీ వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. వకాలతు కాగితం తీసి బల్ల మీద పెట్టి, "లాయరు గారండి మీరంటే మాకు చాలా గౌరవమండి కానీ బాబాయ్ గారి కేసుకి రాజమండ్రిలో వేరే లాయరు గార్ని పెట్టుకుందామనుకుంటున్నామండి తమరు ఇక్కడో సంతకం పెట్టాలండి" అని ఒక్క గుక్కలో అనేశాను. పెదనాన్న గారు కళ్ళు మూసుకున్నారు.

"అమ్మయ్య!" అన్నారు అప్పాజీ గారు.

నేను పెన్ను తీసే లోపల తన జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశారు. మొహం వెలిగిపోతోంది. "ఈ కేసుకి ముందు నేను క్రిమినల్ కోర్టు మెట్లెక్కింది ముప్పై ఏళ్ళలో ఒక్కసారమ్మా. అదీ నా సైకిలు పోయినప్పుడు! జడ్జి గారు సెక్షను అడుగుతుంటే నాకు చెమటలు పడుతున్నాయి. ఏం వాదించాలో తెలీక వాయిదా అడుగుతున్నా."

"మరి ఆ మాట ముందే చెప్పలేదేంటండి?" అంటూ పెదనాన్న గారు కుర్చీ అంచుకి జరిగారు.

"రాజు గారు నోరు తెరిచి అడిగాక కాదంటే బాగుంటుందాండి? ఒకట్రెండు వాయిదాలు పడితే మీరే విసుగెత్తి ఇంకొకర్ని చూసుకుంటారనుకున్నా. మీరేమో వాయిదా పడిందంటే బూరెలు పంపించారు!"

"నేను మారిస్తే తమరు నొచ్చుకుంటారని..."

"కాదంటే తమరు నొచ్చుకుంటారని..."

"మధ్యలో మా ఆయనండి," అంది పిన్ని.



సోమవారం కోర్టు. శ్యామలాంబ గారు వాదించింది గట్టిగా పది నిమిషాలు. ప్రభుత్వం తరఫు లాయరు, పీపీ గారు, లేచి, "ఇరవై నాలుగు కిలోలండి, బెయిలు ఇవ్వడానికి వీల్లేదు" అన్నారు. ఈవిడ పంచనామా చదివి వినిపించారు. ఆకులు, ఆకులు, ఆకులు. జడ్జి గారు కాగితం తన దగ్గరికి తెప్పించుకుని రెండుసార్లు చదివారు. "పూత ఉన్నట్టు ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు. పీపీ గారు పేజీలు ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు, చివరికి, "ల్యాబు రిపోర్టు వచ్చే దాకా వాయిదా ఇప్పించాలి" అన్నారు.

"వద్దండీ!" అని వెనక బెంచీలోంచి ఓ కేక.

కోర్టంతా వెనక్కి తిరిగింది. పెదనాన్న గారు లేచి నిలబడి ఉన్నారు. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. బంట్రోతు "నిశ్శబ్దం!" అంటూ వచ్చి ఆయన్ని కూర్చోబెట్టాడు. జడ్జి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు, పెదవుల మీద ఏదో కదిలినట్టు నాకు కనిపించింది, నేను ఒట్టేసి చెప్పలేను. వాయిదా ఇవ్వలేదు. పంచనామా ప్రకారం పట్టుబడింది ఆకు మాత్రమే కాబట్టి, ప్రస్తుతానికి ఇది గంజాయి అని నమ్మడానికి కారణం కనబడట్లేదు కాబట్టి, బెయిలు. ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలి. ఇద్దరు జామీను ఇవ్వాలి.

ఇద్దరు అన్నారు. పెదనాన్న గారు ఊరికి ఫోను చేసి ఏం చెప్పారో ఏమో, మర్నాడు పొద్దుటే కోర్టు ముందు ఓ బస్సు ఆగింది. దాంట్లోంచి నలభై ఒక్కమంది దిగారు, చేతుల్లో పట్టాదారు పాసు పుస్తకాలతో. కోర్టు గుమాస్తా తల పట్టుకున్నాడు.

"ఇద్దరు చాలండి!"

"అదెలాగండి?" అన్నారు అచ్చిబాబు గారు. మా పక్క చెరువు ఆయనది. "పల్లంరాజు గారికి జామీను పడుతుంటే నా పుస్తకం లేకపోతే ఊళ్ళో నా గతేంటి?"

"మీకు రెండెకరాలే, నాకు పద్నాలుగు," అన్నారు ఇంకొకాయన.

"ఎకరాల పోటీ కాదండి ఇది!" అని గుమాస్తా మొత్తుకున్నాడు. శ్యామలాంబ గారు ఆ గుంపులోకి దూరి, చేతికి దొరికిన రెండు పుస్తకాలు లాక్కుని, వెనక్కి చూడకుండా లోపలికెళ్ళిపోయారు. మిగతా ముప్పై తొమ్మిది మంది మొహాలు మాడ్చుకున్నారు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే జైలు చిన్న తలుపు తెరుచుకుంది. బాబాయ్ గారు తల వంచి బయటికొచ్చారు. వచ్చినాయన మళ్ళీ లోపలికి తిరిగి వార్డర్లకి పేరుపేరునా "వెళ్ళొస్తానండి" అని చెప్తుంటే, "వెళ్ళండి, మళ్ళీ రాకండి బాబూ" అని వాళ్ళు తలుపేసేశారు. పిన్ని రోడ్డు దాటి వెళ్ళి, ఊరి జనమంతా చూస్తుండగా, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది బస్సెక్కినా వదల్లేదు.

బస్సులో మాత్రం వాతావరణం బాగోలేదు. ముప్పై తొమ్మిది మందీ కిటికీల్లోంచి బయటికే చూస్తున్నారు. అచ్చిబాబు గారైతే పాసు పుస్తకం గుండెలకి హత్తుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. వంతెన మీద, కింద గోదారి పచ్చగా మెరుస్తుంటే, పెదనాన్న గారు ఇక ఉండబట్టలేక లేచి నిలబడి, "నొచ్చుకోకు అచ్చిబాబూ, ఇంకోసారికి నీ పుస్తకమే ముందు పెడదాం!" అన్నారు.

"ఇంకోసారేంటండి బావగారూ!" అని పిన్ని అరిచింది.

ముప్పై తొమ్మిది తలలూ కిటికీల్లోంచి ఇటు తిరిగాయి. ముందు నవ్వింది మా బాబాయే.